పిలవకుండా కలిపిన బొమ్మ

ఆ సాయంత్రం ముక్కూమొహం తెలియని ఎవరో ప్రోగ్రాంలో చూపించిన చిన్న తప్పును దిద్ది పంపించి, బావ కుర్చీని బల్ల కిందికి తోసి ఇంటికి వెళ్ళాడు. తెల్లారి లేవలేదు. అప్పటికి బావకూ బావమరిదికీ మాటల్లేవు.

ఇద్దరిదీ లిఫ్టులకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఆఫీసు. ముందు గళ్ళతో, బాణాలతో బొమ్మ గీస్తారు. ఆ బొమ్మలోంచే ప్రోగ్రాం పుడుతుంది. తలుపుల గడి బావది, మోటారు గడి బావమరిదిది. ఎవరి నకలులో వాళ్ళు మార్పులు చేసుకున్నాక, ఒక పనిముట్టు ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి తేడాలు చూపించి, కలిపేస్తుంది. ఇద్దరూ ఒకేచోట చెయ్యి పెడితే మాత్రం ఎర్రగా చూపించి ఆగుతుంది. అది అందరి సొత్తు. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, తెరిచి బాగుచేయొచ్చు. బావ తీరిక దొరికితే, ఎక్కడెక్కడివాళ్ళో చెప్పే తప్పులు దిద్దుతూ దాని సేవలోనే ఉండేవాడు.

"మా అక్కకంటే దాన్నే బాగా చూసుకుంటున్నావు బావా!"

"అది ఎదురు చెప్పదురా."

బావ పెట్టిన నియమం ఒక్కటే. ఎరుపు ఉన్నా లేకపోయినా, కలిపే ముందు రెండోవాణ్ణి పిలవాలి. "దానికి కళ్ళున్నాయి గానీ బుర్ర లేదురా," అనేవాడు.

అలాంటి మనిషి ఒకసారి పిలవకుండా కలిపేశాడు. తలుపు పూర్తిగా మూసుకున్నాకే లిఫ్టు కదలాలి. ఆ తనిఖీ రెండు గళ్ళలోనూ ఉండేది. తలుపుల్లో ఉందిగా అని బావమరిది తనది తీసేశాడు. మోటారులో ఉందిగా అని బావ తనది తీసేశాడు. చోట్లు వేరు కాబట్టి ఎరుపు రాలేదు. పరీక్షలో లిఫ్టు నోరు తెరుచుకునే పైకి లేచింది. లోపల ఉన్నవి ఇసుక బస్తాలు కాబట్టి సరిపోయింది.

మేనేజరు ఇద్దర్నీ నిలబెట్టాడు. "కలిపే ముందు చూసుకోలేదా?"

"నన్ను పిలవలేదు సార్," అన్నాడు బావమరిది.

"పిలిచారా, లేదా?"

బావ అన్నాడు: "ఇద్దరం చూసుకునే కలుపుతామండి, ఎప్పుడూ."

ఆ ఒక్క మాటతో బావమరిది అబద్ధాలకోరయ్యాడు. ఇష్టపడి నేర్చుకున్న పని చేజారింది. ఫిర్యాదుల ఫోను దగ్గర కూర్చోబెట్టారు.

"మీ ఆయన నన్ను నట్టేట ముంచాడక్కా."

"నన్నెందుకురా నములుతావు? వెళ్ళి ఆయన్నే అడుగు."

"నేనడగాలా? నోరు ఆయనకి లేదా?"

బావ రెండుమూడుసార్లు ఆ ఫోను గదికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "కాస్త బయటికి వస్తావురా?" అనేవాడు.

"ఫోను మోగుతోంది బావా."

ఫోను మోగేది కాదు. ఆ సంగతి ఇద్దరికీ వినబడుతూనే ఉండేది. బావ తల గోక్కుంటూ వెనక్కి వెళ్ళిపోయేవాడు. నమ్మినవాడే గొంతు కోశాక ఇంకేం వినాలి అనుకునేవాడు బావమరిది. పాడె మోసేటప్పుడు కూడా అతని భుజం కంటే గుండెలోని కోపమే బరువుగా ఉంది.

కర్మలు ముగిశాక, ఆఫీసులో బావ బల్ల ఖాళీ చేయడానికి బావమరిదే వెళ్ళాడు. పక్క సీటులో పరీక్షలు చేసే అమ్మాయి ఒక డబ్బా పట్టుకుని సాయం వచ్చింది. పెన్నులు డబ్బాలో వేస్తూ అంది:

"ఆ బొమ్మ కలిపినరోజు ఆయన మిమ్మల్ని పిలవడానికే వచ్చారండీ. మీరేమో బల్లమీద తలపెట్టి గుర్రు కొడుతున్నారు. నేను లేపబోతే చెయ్యి అడ్డం పెట్టారు. మీ పాపకి జ్వరమట, మీకు రాత్రంతా నిద్రలేదట, పడుకోనీ అన్నారు. నిద్రపోతూ మేనేజరు కంటబడితే మీ ఉద్యోగమే ఊడుతుందని, వెళ్తూ వెళ్తూ మీ గది తలుపు కూడా ఆయనే దగ్గరికి వేశారు."