కొక్కేనికి ఎక్కని మూడు

నోట్‌బుర్గా మూడో నంబరు రేకును ఏట్లో పారేసిందని టిరోల్ కొండల్లోని ఈ లోయంతా ఒక మాట తిరుగుతోంది. పైన కొండసత్రం నడిపే ఎంగిల్‌బర్ట్‌తో ఆమెకు పడదట. అతని సత్రానికి జనం పోకుండా కొక్కెం ఖాళీగా ఉంచుతోందట. ఇందులో కొక్కెం ఖాళీ అన్న ముక్క ఒక్కటే నిజం.

పంతొమ్మిది చలికాలాలుగా కొండ మీద మంచు జారే ప్రమాదాన్ని కొలిచి చెప్పడం ఆమె పని. తెల్లవారగానే పార భుజాన వేసుకుని అడవి పైనున్న వాలుకు పోతుంది. మంచులో నడుములోతు గుంట తవ్వి పొరలను వేళ్ళతో తడుముతుంది. ఒక మంచు దిమ్మెను విడదీసి, దాని మీద పార ఆనించి, మణికట్టు నుంచి పది దెబ్బలు, మోచేతి నుంచి పది, భుజం నుంచి పది వేస్తుంది. ఎన్నో దెబ్బకు పొర జారిందో చూసుకుని దిగి వస్తుంది. దారి మొదట్లో కొక్కేనికి ప్రమాదాన్ని బట్టి ఒకటి నుంచి ఐదు దాకా ఏదో ఒక నంబరు రేకు తగిలిస్తుంది. ఒకటైతే నిబ్బరంగా పోవచ్చు. ఐదైతే గడప దాటకూడదు.

కిందటి ఫిబ్రవరిలో తమ్ముడు కాస్పర్ గిన్నెవాలు మీద మంచు కింద పడి చనిపోయాడు. అప్పటి నుంచి మూడు కనబడలేదు. మూడు పెట్టవలసిన రోజున కొక్కెం పక్కన ఆమే నిలబడి, స్కీలతో వచ్చిన ప్రతివాణ్ణీ ఆపుతుంది.

"ఎటు నాయనా?"

"గిన్నెవాలు మీదుగా శిఖరానికి."

"వద్దు. పైన గాలికి బిగిసిన అట్ట, కింద పంచదార పలుకుల్లాంటి మంచు. నీ ఒక్కడి బరువు చాలు, వాలంతా ఊడొస్తుంది. అడవి దారిన పో."

కొందరు వినేవారు. కొందరు చాదస్తమని నవ్వి పోయేవారు. వాళ్ళు దిగి వచ్చేదాకా ఆమెకు గుక్కెడు టీ దిగేది కాదు.

ఈ శనివారం ఎంగిల్‌బర్ట్ కొత్త మూడో నంబరు రేకుతో ఆమె ఇంటికి వచ్చాడు.

"జనం రాక నా సత్రంలో చారు చల్లారితే చల్లారనీ బుర్గక్కా, అందుక్కాదు వచ్చింది. రేపు మూడేనని నువ్వే అన్నావు. ఇది తగిలించు, లేదంటే పార అప్పగించమంది ఊరి కమిటీ. నువ్వొక్కదానివి ఎన్ని దారుల్లో నిలబడతావు? నిన్న వెనకదారిన ఆరుగురు నీ కంటపడకుండా పైకెళ్ళారు, ఎరుగుదువా?"

ఎరగదు.

పక్కింటి అఫ్రా రొట్టెకు పులిసిన పిండి అడగడానికి వచ్చి అక్కడే కూర్చుని ఉంది. ఏడాదిగా ఎవరూ అడగనిది ఆమె అడిగేసింది.

"ఏమే, ఆ మూడంటే నీకెందుకే అంత పగ?"

"పగా? కాస్పర్ పోయిన రోజు నేను తగిలించింది మూడే అత్తా. లెక్క తప్పలేదు. ఆ మంచునే ఇవాళ తవ్వినా మూడే అంటాను. వాడు రేకును టక్కున మీటి, 'బడి మార్కుల్లో ఒకటి అన్నిటికన్నా మేలు, ఐదొస్తేనే కదక్కా తప్పేది, నేనెప్పుడూ మూడుతోనే గట్టెక్కాను' అని నవ్వుతూ పోయాడు. ఆ రేకు వాడి శవపెట్టెలోనే పెట్టేశాను. సరే ఎంగిల్‌బర్ట్, కొత్తది తగిలిస్తాను. దాని పక్కన నేనూ నిలబడతాను. వెనకదారిన నువ్వు నిలబడతావా?"