శశికళ తాగిన మొదటి గుక్క

యాభై రెండేళ్ల వయసు వచ్చేదాకా శశికళ బీరు ముట్టలేదు. పార్టీలో ఎవరైనా సీసా మూత తీస్తే, ప్లేటు పట్టుకుని పక్కగదిలోకి వెళ్లిపోయేది. అలాంటి మనిషి అమెరికాలోని నేపర్‌విల్‌లో ఒక చిన్న బీరు తయారీశాలలో చేరిందంటే స్నేహితులు నమ్మలేదు.

ఆమె మైక్రోబయాలజిస్టు. పంతొమ్మిదేళ్లు పనిచేసిన ఫార్మా ల్యాబ్ మూతపడ్డాక, ఏడు నెలలు వెతికితే దొరికిన ఉద్యోగం ఇది. "నేను చూసుకోవాల్సింది బీరును పులియబెట్టే ఈస్ట్‌ని. తాగక్కర్లేదు," అని భర్త శ్యామ్‌సుందర్‌కి చెప్పింది.

అక్కడ బీరు కాచే పెద్దాయన వాల్టర్. ఆయన తాత జర్మనీలో మ్యూనిక్ దగ్గరి నుంచి వచ్చినవాడు. ఏటా చలికాలం కోసం వాల్టర్ నల్ల లాగర్ అనే బీరు కాస్తాడు. దాని కథ మొదటి వారమే ఆమెకు చెప్పాడు. పాతరోజుల్లో మొలకెత్తిన బార్లీని కట్టెల సెగ మీద ఆరబెట్టేవారు. గింజ ముదురు రంగుకు తిరిగేది, బీరుకూ ఆ రంగే వచ్చేది. ఎండాకాలం కాచింది చెడిపోతోందని మ్యూనిక్ ఉన్న బవేరియా ప్రాంతంలో ఆ నెలల్లో కాచడమే నిషేధించారు. చలికాలంలో కాచి, చల్లటి గుహల్లో నెలల తరబడి దాచేవారు. జర్మన్‌లో లాగర్ అంటే నిల్వ ఉంచడమే. మామూలు ఈస్ట్ ముడుచుకుపోయే ఆ చలిలో ఒక రకం మాత్రం నిదానంగా పనిచేస్తూ పోయింది. అదేమిటో తెలియకుండానే తరతరాలు దాన్ని పెంచారు.

ఇడ్లీ పిండి పులవడానికి ఓవెన్‌లో లైటు వేసి ఉంచే శశికళకు ఆ చలిలో బతికే ప్రాణి పెద్ద వింతగా తోచింది.

అక్టోబరులో, లాగర్ పులుస్తున్న ట్యాంకు నుంచి వెన్న వాసన వచ్చింది. వాల్టర్ ముఖం పాలిపోయింది.

"బ్యాక్టీరియా చేరింది. పోయినేడూ ఇలాగే అయింది. పారబోయడమే."

"ఒక్క గంట ఆగండి," అంది శశికళ.

ఒక చుక్కకు నీలిరంగు కలిపి మైక్రోస్కోపు కింద పెట్టింది. చచ్చిన ఈస్ట్ కణాలకే ఆ రంగు పడుతుంది. ఆమెకు కనిపించినవి దాదాపు అన్నీ తెల్లగా, నిండుగా ఉన్నాయి. బ్యాక్టీరియా జాడే లేదు. ట్యాంకు రికార్డు తీసి చూస్తే, చల్లబరిచే మెషీన్ తప్పుగా సెట్ అయి వారం ముందే చలి పెంచేసింది.

"ఇవి బతికే ఉన్నాయి వాల్టర్! పని మధ్యలో ఆగిపోయాయంతే. కాస్త వెచ్చబెడితే ఆ వెన్న వాసనను అవే తినేస్తాయి."

మూడు రోజులు వెచ్చబెట్టారు. నాలుగో రోజుకు వాసన మాయమైంది. తర్వాత ఆరు వారాలు చలిలో ఉంచారు.

డిసెంబరులో వాల్టర్ గ్లాసు నింపి ఆమె ముందు పెట్టాడు. "దీన్ని బతికించింది నువ్వు. ఎలా ఉందో నువ్వే చెప్పాలి."

శశికళ గ్లాసును కిటికీకి ఎదురుగా ఎత్తింది. నలుపు అనుకున్నది అంచుల్లో కెంపులా మెరిసింది. కళ్లు మూసుకుని ఒక గుక్క తాగింది. కషాయంలా చిక్కగా ఉంటుందనుకుంటే, మంచినీళ్లంత తేలిగ్గా దిగింది. ముందు కాల్చిన రొట్టె అంచు, వెనకాలే లేత చాక్లెట్, చివర చిన్న చేదు. ఆపైన నాలుక శుభ్రంగా ఉంది.

కారులో కూర్చుని భర్తకు ఫోన్ చేసింది.

"ఏవండీ, నేను బీర్ టేస్ట్ చేశాను."

"నువ్వా? జోక్ చేస్తున్నావా?"

"లేదండీ. అసలు నోరు లేని ప్రాణులండీ ఆ ఈస్ట్ కణాలు. గడ్డకట్టే చలిలో ఆరు వారాలు కూర్చుని అంత రుచి ఎలా చేశాయి?"

అవతల శ్యామ్‌సుందర్ మెల్లగా అడిగాడు, "శనివారం నేనూ వచ్చి చూడొచ్చా?"