ఆషాఢంలో ఇంజన్ విప్పిన కొత్తల్లుడు

ఇంట్లో కూర్చుని మోటారుసైకిలు ఇంజన్ విప్పినవాళ్ళు లోకంలో చాలామందే ఉంటారు. విప్పినదాన్ని మళ్ళీ బిగించినవాళ్ళూ కొందరుంటారు. బిగించి, దానిమీదెక్కి, తిన్నగా వెళ్ళి, ఆషాఢమాసంలో అత్తారింటి ముందు బోర్లా పడినవాణ్ణి మాత్రం ఈ గోదావరి జిల్లాల్లో నేనొక్కణ్ణేనని నా నమ్మకం. ఇంకెవరైనా ఉంటే దయచేసి కబురు చెయ్యండి, వచ్చి కావలించుకుంటాను.

మాది మండపేటలో ఎరువుల కొట్టు. పెళ్ళయ్యేనాటికి నాకున్న వాహనం మా నాన్నగారి పాత వందసీసీ బండి. యూరియా బస్తాలు మోసీ మోసీ దానికి మనిషిని మొయ్యడమంటే విసుగొచ్చేసింది. అత్తగారి ఊరు ద్వారపూడి దాటాక, కాలవ అవతల. ఆ కాలవకి ఒక వంతెన ఉంది. మీలాంటివాళ్ళు కారులో వెళ్తే అక్కడ వంతెనుందన్న సంగతే గమనించరు. మా బండి గమనించింది. పెళ్ళయిన వారానికి ఇద్దరం మొదటిసారి వెళ్తుంటే, సగం ఎక్కి, ఒక్కసారి దగ్గి, ఆగిపోయింది.

మా మౌనిక కిందికి దిగింది. పట్టుచీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని వెనకనించి తోసింది. ఆటో కోసం నిలబడ్డ ఆడవాళ్ళు ఊరుకుంటారా?

"పెళ్ళికూతురు తోస్తే గానీ పెళ్ళికొడుకు కదలట్లేదండోయ్!"

మౌనిక తల వంచుకుని తోస్తూనే ఉంది. వంతెన దిగాక చీర సర్దుకుని వెనక కూర్చుంటూ, "ఏమనుకోకండీ, ఈసారి ఆటోలో వద్దాం" అంది. అంతే. ఆవిడ తిట్టినా బాగుండేది. ఆ మర్యాదకి నాకు చచ్చినంత సిగ్గేసింది. ఈ బండి మీదే, వెనక ఆవిణ్ణి కూర్చోబెట్టుకునే, ఆ వంతెన ఎక్కి చూపిస్తానని అక్కడికక్కడే మనసులో పంతం పట్టాను.

ఇంతలో ఆషాఢం వచ్చింది. కొత్తకోడలు పుట్టింటికి వెళ్ళింది. ఆషాఢంలో అత్తా అల్లుడూ ఒకే గడప దాటకూడదని మీకు తెలుసు కదా. మా అమ్మకి ఇంకా బాగా తెలుసు. నన్ను నిలబెట్టి, తన చేతిలో చెయ్యి వేయించుకుని మరీ అడిగింది.

"శ్రావణం వచ్చేదాకా వాళ్ళ గడప తొక్కనని చెప్పు."

"తొక్కనమ్మా."

"మీ అత్తగారికి మంచిది కాదురా. ఆవిడకి ఏదైనా అయితే ఆ పిల్ల జన్మలో మన మొహం చూడదు. గుర్తుపెట్టుకో."

కొట్టుకొచ్చే రైతులు కూడా యూరియా మానేసి నా మొహం మీద పడ్డారు. "ఏం అల్లుడుగారూ, ఆగగలరా?" అని ఒకరు, "పౌర్ణమి దాటడండీ, నేను చెప్తున్నాగా" అని ఇంకొకరు. నాకు రోషం వచ్చింది. ఆగడమే కాదు, ఈ నెల్లాళ్ళలో బండికి కొత్త జన్మ ఎత్తించి చూపిస్తాననుకున్నాను.

ఊళ్ళో మెకానిక్కులు లేరా అంటారేమో. ఉన్నారు. కానీ నేను ఫోన్లో వీడియోలు చూశాను. ఆ వీడియోల్లో ఇంజన్ విప్పేవాడు నవ్వుతూ విప్పుతాడు, పాట పెట్టుకుని బిగిస్తాడు, చేతులకి మసి కూడా అంటదు. ఇంతోటిదానికి మెకానిక్కెందుకనిపించింది. పెద్ద బోరున్న సిలిండరు, దానికి తగ్గ పిస్టను, రింగులు, కొత్త బేరింగులు తెప్పించాను. పాత వందసీసీ కాస్తా నూటముప్పై అవుతుందట. వంతెనేం ఖర్మ, మారేడుమిల్లి ఘాటురోడ్డు ఎక్కించేద్దామనుకున్నాను.

వెనక వసారాలో పాత దుప్పటి పరిచి ఇంజన్ విప్పాను. విప్పడం ఎంత తేలికండీ! కొబ్బరి పీచు తీసినంత తేలిక. తీరా చూస్తే వసారా నిండా సామాన్లు, మధ్యలో నేను.

ఇంజన్ కేసుని వేడిచేసి, బేరింగుని చల్లబెడితే ఒకదాన్లో ఒకటి సులువుగా కూర్చుంటాయని వీడియోవాడు చెప్పాడు. సరే, బేరింగుల్ని స్టీలు డబ్బాలో పెట్టి ఫ్రీజర్లో పెట్టాను. కేసుని శుభ్రంగా కడిగి ఇడ్లీపాత్రలో పెట్టి పొయ్యి వెలిగించాను. అమ్మ వచ్చి మూత తీసింది.

"ఇదేంట్రా?"

"ఇంజనమ్మా."

"ఉడుకుతుందా?"

"ఉడకదమ్మా, వేడెక్కుతుంది. పది నిమిషాలు."

అమ్మ మూత పెట్టేసింది. "ఆ పాత్ర ఇంక నువ్వే ఉంచేసుకో. నీ పెళ్ళాం వచ్చాక అందులోనే వండిపెట్టమను" అని బయటికెళ్ళిపోయింది.

ఇంతలో నాన్నగారు ఫ్రీజరు తలుపు తీసిన చప్పుడైంది. ఆయనకి సుగరు. స్వీట్లు తినకూడదు. అందుకని ఇంట్లో ఏ మూల ఏ స్టీలు డబ్బా ఉన్నా ముందు ఆయనే మూత తీసి చూస్తారు. డబ్బా మూత తీసిన చప్పుడూ అయింది. తర్వాత నెమ్మదిగా, "ఒరేయ్, ఈ సున్నుండలకి కన్నాలెందుకున్నాయిరా?" అన్నారు.

నవ్వకండి. బేరింగులు మాత్రం చక్కగా కూర్చున్నాయి. అదొక్కటే ఆ నెలంతా నేను సరిగ్గా చేసిన పని.

అమ్మకి ఇంజన్ మీద నమ్మకం లేదు గానీ దేవుడి మీద ఉంది. "కొత్త ప్రాణం పోస్తున్నావు కదా, బండిలోకి వెళ్ళే ప్రతీదీ ముందు దేవుడి దగ్గర పెట్టు" అంది. పిస్టనుకి పసుపు రాసింది. రింగులకి బొట్టు పెడతానంటే నేనే కాళ్ళావేళ్ళా పడి ఆపాను. ఇలా ఒక్కొక్కటీ దేవుడి గదిలోకి వెళ్ళడం, దండం పెట్టించుకుని వసారాలోకి రావడం, బిగించుకోవడం.

పూర్తయిన రోజు పొద్దున్న మౌనికకి ఫోన్ చేశాను.

"సాయంత్రం మేడ మీద నిలబడు. మీ ఇంటి ముందునుంచి వెళ్తాను."

"ఆషాఢమండీ! అత్తయ్యగారికి మాటిచ్చారు కదా?"

"రూలు గడపకే గానీ రోడ్డుకి కాదు కదా. ఆగను, దిగను. వంతెన ఎలా ఎక్కుతుందో నువ్వు చూడాలి, అంతే."

అటువైపు బీరువా తలుపు తీసిన చప్పుడు. తర్వాత, "ఏ చీర కట్టుకోను?" అంది. ఆ ఒక్క మాటకి నాకు ఆ పూట అన్నం సహించలేదు.

సాయంత్రం అమ్మ కొబ్బరికాయ, నిమ్మకాయలు పట్టుకుని సిద్ధంగా ఉంది. నేనింకా ఇంజన్ చుట్టూ తుడుచుకుంటున్నాను.

"వర్జ్యం వచ్చేస్తోందిరా! కదులు!"

"ఉండమ్మా, ఒక్కసారి అన్నీ చూసుకుని..."

"వర్జ్యంలో మొదలెడితే ఇంక దానికి అన్నీ ఆటంకాలే. ఎక్కు ముందు!"

ఎక్కాను. రెండో కిక్కుకే స్టార్టయింది. ఆ చప్పుడు మీరు వినాల్సింది! వీధిలో కుక్కలు లేచి నిలబడ్డాయి. నిమ్మకాయల్ని చితక్కొట్టుకుంటూ బయల్దేరాను.

నాట్లు ముమ్మరంగా సాగుతున్నాయి. రోడ్డుకిరువైపులా నీళ్ళు నిండిన చేలు, నడుములు వంచిన కూలీలు. నా చప్పుడుకి ఒక్కొక్కళ్ళూ లేచి చూస్తుంటే, నాకోసం లేచి నమస్కారం పెడుతున్నట్టే అనిపించింది. వంతెన వచ్చింది. ఎక్కేశాను! గేరు కూడా మార్చలేదు. ఎదురుగా మేడ, మేడ మీద ఆకుపచ్చ చీరలో మౌనిక. చెయ్యి ఊపుతోంది. నేనూ ఊపుదామని ఎడంచెయ్యి ఎత్తాను.

సరిగ్గా అప్పుడే ఇంజన్ కీచుమని అరిచి పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయింది. బండి అడ్డంగా జారింది. నేను బండిని వదిలి ఎగిరి, మా మావయ్యగారు నాట్లకని వాకిట్లో దింపించిన నారుకట్టల్లో మొహం పెట్టి పడ్డాను. గడపకీ నాకూ మధ్య రెండడుగుల దూరం.

"అయ్యో, అల్లుడుగారండీ!"

ఆషాఢం పేరు చెప్తే పక్కింటి అల్లుడిక్కూడా ఎదురుపడని మా అత్తయ్యగారు, చెప్పుల్లేకుండా, గడప దాటి పరిగెత్తుకొచ్చి నా మొహం మీది బురద కొంగుతో తుడిచేస్తున్నారు. "దెబ్బలేమైనా తగిలాయాండీ? లోపలికి రండి, లోపలికి రండి" అంటూ చెయ్యి పట్టుకుని గడపదాకా లాగి, అప్పుడు గుర్తొచ్చి, కాలిన గిన్నె వదిలేసినట్టు వదిలేశారు.

పైనుంచి వాన మొదలైంది. ఇంట్లోకి తీసుకెళ్తే ఆషాఢం, బయట వదిలేస్తే అల్లుడు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చివరికి మావయ్యగారే, "ట్రాక్టరు షెడ్డుకి గడప లేదు కదే! అక్కడ కూర్చోబెడదాం" అన్నారు. బండిని కూడా అక్కడికే ఈడ్చారు.

మౌనిక తువ్వాలు తెచ్చింది. మావయ్యగారు ఇంజన్ పక్కన గొంతుక్కూర్చుని, ఆయిల్ చూసే మరమూత తిప్పి, పైకెత్తి చూసి, తుడిచి, మళ్ళీ ముంచి చూశారు.

"అల్లుడుగారూ, ఆయిలు పొయ్యలేదాండీ?"

నా కళ్ళ ముందు మా దేవుడి గది మెదిలింది. కొత్త ఆయిల్ డబ్బా. దానికి అమ్మ పెట్టిన బొట్టు. దాని మీద మందారపువ్వు. దండం పెట్టించుకుంటూ అది అక్కడే ఉండిపోయింది. నేను వర్జ్యం తప్పించుకుని వచ్చేశాను.

నోరు తెరిచేలోపే మౌనిక నావైపు చూసింది. ఆ చూపు పెళ్ళిలో కూడా చూడలేదండీ.

"కావాలనే పొయ్యలేదు కదూ? ఇక్కడ ఆగిపోవాలనీ..."

నేను చూరులోంచి కారుతున్న వానవైపు చూశాను. మావయ్యగారు దగ్గి, మరమూత జాగ్రత్తగా బిగించేశారు.

అత్తయ్యగారు మర్యాద తెలిసిన మనిషి. అప్పటికే మా అమ్మకి ఫోన్ చేసేశారు. ఫోన్ తెచ్చి, స్పీకర్లో పెట్టి, ట్రాక్టరు మడ్‌గార్డు మీద పెట్టారు.

"దెబ్బలేం లేవు కదా?" అంది అమ్మ.

"లేవమ్మా."

"ఆయిలు డబ్బా ఇక్కడే ఉందిరా. ఒక్క మాట చెప్పు. మర్చిపోయావా? లేక, మాటిచ్చి కూడా, కావాలనే అక్కడ ఆగిపోయావా?"

నా పరిస్థితి ఆలోచించండి. మర్చిపోయానంటే అమ్మకిచ్చిన మాట నిలబడుతుంది, పెళ్ళాం ముందు మళ్ళీ వంతెన మీద ఆగిపోయిన మొగుణ్ణవుతాను. కావాలనే అంటే పెళ్ళాం దగ్గర గెలుస్తాను, అమ్మ దగ్గర మాట తప్పినవాణ్ణవుతాను. అత్తయ్యగారు షెడ్డు స్తంభం చాటునుంచి, మౌనిక నా మోచేతి పక్కనుంచి వింటున్నారు. వాన కూడా కాస్త తగ్గి విన్నట్టే అనిపించింది.

"కావాలనే అమ్మా" అన్నాను.

ఇంక నన్ను ఇంట్లోకి రానివ్వదనుకున్నాను. అంతలో అమ్మ కిసుక్కున నవ్వింది.

"అచ్చం మీ నాన్నేరా! పెళ్ళయిన ఏడు, ఆషాఢంలోనే, సైకిలు టైరులో తనే మేకు గుచ్చుకుని, పంక్చరైందని మా వీధిలో నిలబడ్డారు. నేను కిటికీలోంచి చూసి ఎంత మురిసిపోయాననీ! సరేలే, గడపైతే తొక్కలేదు కదా. అన్నం తిని రా."

ఆ సాయంత్రం ట్రాక్టరు షెడ్డులో, డీజిలు వాసనలో, అరిటాకేసి నాకు జరిగిన భోజనం పెళ్ళిలో కూడా జరగలేదు. వడ్డించిన ప్రతిసారీ మౌనిక నెయ్యి ఇంకో గరిటె వేసింది. వాన వెలవక ఆ రాత్రి షెడ్డులోనే పడుకున్నాను. మర్నాడు పొద్దున్న మావయ్యగారు బండిని ట్రాక్టరు ట్రక్కులో వేసి, నన్ను దాని పక్కన కూర్చోబెట్టి, మండపేటలో మా కొట్టు ముందు దింపి వెళ్ళిపోయారు. దారి పొడుగునా ఆయన ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నాకు ఆయనమీద గౌరవం అప్పటినుంచే.

కొట్లో నాన్నగారొక్కరే ఉన్నారు. చచ్చిన ఇంజన్ని చూశారు, నన్ను చూశారు. ఇంటివైపు ఒకసారి తొంగి చూసి, గొంతు తగ్గించారు.

"నిజం చెప్పు. మర్చిపోయావు కదూ?"

"ఆయ్."

నాన్నగారు యూరియా బస్తా మీద కూలబడి పెద్దగా ఊపిరి వదిలారు.

"నాదీ నిజంగానే మేకు దిగిందిరా. ఆవేళ నేను అసలు వేరే ఊరు వెళ్తున్నాను. మీ అమ్మ కిటికీలోంచి అంత సంతోషంగా చూస్తుంటే చెప్పలేకపోయాను. ఇప్పటిదాకా చెప్పలేదు. నువ్వూ చెప్పకు."

మౌనిక శ్రావణంలో ఆటోలోనే కాపురానికొచ్చింది. అయితేనేం, పేరంటాలకెళ్ళినా, కూరగాయల బండి దగ్గర నిలబడినా, మా ఆయన నాకోసం కొత్త ఇంజన్ కాల్చేసుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటుంది. వినేవాళ్ళు తమ మొగుళ్ళవైపు చిరాగ్గా చూస్తారు. వాళ్ళందరికీ నా క్షమాపణలు.

కనుక పెద్దలందరి సాక్షిగా, కుడిచెయ్యి శుభ్రంగా కడుక్కుని ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంట్లో ఇంజన్ విప్పను. పొరపాటున విప్పినా, ఆయిలు పొయ్యకుండా కిక్కు కొట్టను. ఒకవేళ మళ్ళీ మర్చిపోయానే అనుకోండి, అప్పుడూ కావాలనే అంటాను.