మాస్టారి చెవికి పడని గుయ్యి

సర్వేశ్వరరావు మాస్టారికి గుయ్యిమనే చప్పుడు పడదు. ఉరుము పడుతుంది, బ్యాండుమేళం పడుతుంది, సంతరోజు లౌడుస్పీకరు కూడా పడుతుంది. యంత్రమేదైనా తనలో తాను గొణుక్కుంటే మాత్రం ఆయనకు అన్నం సయించదు. ఎవరింటికి వెళ్ళినా కూర్చోకముందే చెయ్యెత్తి అందరి నోళ్ళూ మూయించి, "వినబడతందా?" అంటారు. ఆ తర్వాత వాళ్ళ ఫ్రిజ్జుకో, ఇన్వర్టరుకో చెవి ఆనించి, నాడి చూసే వైద్యుడిలా కళ్ళు మూసుకుంటారు.

ఆయన భార్య నాగలక్ష్మికి ఈ ఆశ్చర్యం పెళ్ళిపీటల మీదే మొదలైంది. తాళి కట్టబోతూ, మైకు గుయ్యిమంటోందని ఆయన లేచి వెళ్ళిపోయారు. సాలూరులో ఆమె పుట్టింటివాళ్ళు పెళ్ళికొడుకు పారిపోయాడనుకుని రోడ్డెక్కారు. ఆయన పందిరి వెనక తీగ సరిచేసి, చేతులు దులుపుకుని వచ్చి తాళి కట్టారు. అంత శుభ్రంగా మంత్రాలు వినిపించిన పెళ్ళి తన జన్మలో చూడలేదని పురోహితుడే అన్నాడు.

గుమ్మలక్ష్మీపురంలో లెక్కలు చెప్పి రిటైరయ్యాక ఆ చెవికి పూర్తిగా తీరిక దొరికింది. ఒకరోజు పక్కింటి రత్నాలమ్మ ఇంట్లో గోడ గుయ్యిమంటోందని మెయిన్ ఆపించారు. కరెంటు పోయింది, గుయ్యి పోలేదు. నివ్వెరపోయి గోడకన్నానికి చెవి పెట్టారు. లోపల తేనెటీగలు కాపురముంటున్నాయి. చెవి గారెలా వాచి ఇంటికొచ్చి కూడా, ఎంత స్వచ్ఛమైన శబ్దమో అని మురిసిపోతుంటే, నాగలక్ష్మి తల కొట్టుకుంటూ ఆ చెవికి సున్నం రాసింది.

అలాంటి మనిషి పాత కంప్యూటరుకు టీవీ, యాంప్లిఫయరు, పెద్ద స్పీకర్లు తగిలించి హాలునే సినిమాహాలు చేశారు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం వీధివీధంతా వచ్చేది. ఇంట్లో ఉండేది ఇద్దరే కాబట్టి నాగలక్ష్మి వారమంతా ఆ ఆదివారం కోసమే బతికేది. జంతికలు చేసేది, చాపలు దులిపేది, వచ్చేవాళ్ళ చెప్పులు గుమ్మం ముందు కుప్పపడుతుంటే పొంగిపోయేది.

ఒక ఆదివారం సినిమా సగంలో మాస్టారు చెయ్యెత్తారు. స్పీకర్లు గుయ్యిమంటున్నాయి. బొమ్మ ఆపేశారు. అది పోతేగానీ మళ్ళీ బొమ్మ పడదని చెప్పి అందరినీ పంపించేశారు.

ఇక వేట మొదలైంది. ఫ్రిజ్జు ఆపించారు, పాలు విరిగాయి. వీధిలో బోరుమోటార్లన్నీ ఆపించారు, ఆ పూట జనానికి స్నానాల్లేవు. స్పీకరు తీగలు మార్చారు, కంప్యూటరు విప్పి దుమ్ము ఊదారు. గుయ్యి చెక్కుచెదరలేదు. బొమ్మ పడుతుందేమోనని వచ్చి చూసిపోయే జనం వారం వారం పలచబడ్డారు. ఎదురింటి ఫల్గుణ ఫోన్లోనే చూసుకుంటానన్నాడు. నాగలక్ష్మి చేసిన జంతికలు డబ్బాలోనే మెత్తబడ్డాయి.

ఆమె తమ్ముడు సన్యాసిరావు సాలూరు నుంచి వచ్చి ఉపాయం చెప్పాడు. "కంప్యూటరు ప్లగ్గుకి ఆ ఎర్తు పుల్ల ఇరిసేయండి బావగారూ. గుయ్యి పోద్ది."

"పోద్ది," అన్నారు మాస్టారు. "ఎప్పుడో ఆ డబ్బా ముట్టుకున్నోడు కూడా పోతాడు."

తమ్ముడు వెళ్ళాక నాగలక్ష్మికి కోపం ఆగలేదు. "అందరికీ బాగానే ఇనబడతంది కదండీ. మీ ఒక్కరి సెవి కోసం వీధినంతా తరిమేసారు."

మాస్టారు స్క్రూడ్రైవరు కింద పెట్టారు. "అందరికీ కాదే. రత్నాలమ్మ ఆవేళ అందరూ నవ్వాక నవ్వింది. సూళ్ళేదా? ఆవిడ సెవిలో పెట్టుకున్న మిషనులో మాటకన్నా ఈ గుయ్యే పెద్దగా ఇనబడద్ది. అడిగితే బాగానే ఉందంటాది. ఈ సంగతి ఎక్కడా అనకు, సిగ్గుపడి రావడం మానేత్తాది."

నాగలక్ష్మి మెత్తబడ్డ జంతికల డబ్బా వంక చూసింది. ప్రతివారం ఆ ముసలమ్మ ఒళ్ళో జంతికలు పెట్టింది తాను. పక్కనే కూర్చుంది తాను. చూసింది మాత్రం ఈయన. ఊరంతా పిచ్చి మాస్టారనుకుంటున్నా నవ్వి ఊరుకున్నాడు ఈ మనిషి. ఆమెకు ఆయన మీద ఎన్నడూ లేనంత గౌరవం కలిగింది.

"సరే, మీరు ఆఖర్న కలిపిందేటి?" అంది కొంగు దోపుకుని.

ఆయన తెల్లబోయారు. ఊరి మోటార్లన్నిటినీ అనుమానించారుగానీ, తన చేత్తో తగిలించిన తీగను అనుమానించడం ఆయనకు తట్టనేలేదు. ఆఖర్న కలిపింది, గుయ్యి మొదలైన ఆ ఆదివారం పొద్దున టీవీకి తగిలించిన డిష్ తీగ. నాగలక్ష్మి దాన్ని పీకింది.

హాలంతా ఒక్కసారిగా తేలికైపోయింది. వీధి చివర గెడ్డలో నీళ్ళు పారుతున్న చప్పుడు ఇంట్లోకి వచ్చింది. ఇన్నేళ్ళ కాపురంలో అది హాల్లోకి వినిపిస్తుందని ఆమెకు తెలియదు. డిష్షుకు మేడ మీద ఒక ఎర్తు, కంప్యూటరుకు మీటరు దగ్గర ఇంకొకటి ఉన్నాయనీ, కరెంటు ఆ రెంటి మధ్య గుండ్రంగా తిరుగుతూ స్పీకర్లలో గుయ్యిమందనీ మాస్టారు మెల్లగా చెప్పారు. సాయంత్రానికల్లా రెండు ఎర్తులనూ ఒకటిగా కలిపించి, ప్లగ్గులన్నీ ఒకే బోర్డుకు చేర్చారు.

ఆదివారం నాగలక్ష్మి ఇల్లిల్లూ తిరిగి అందరినీ పిలుచుకొచ్చింది. బొమ్మ పడింది. తెర మీద పెళ్ళిచూపులు జరుగుతున్నాయి. మూలన కూర్చున్న ముసలి పాత్ర ఏదో గొణిగింది. జంతికలు నములుతున్న జనం పట్టించుకోలేదు.

రత్నాలమ్మ పకపకా నవ్వింది.

అందరూ తలలు తిప్పి చూశారు. ఫల్గుణ నోట్లో జంతిక అలాగే ఉండిపోయింది. రత్నాలమ్మ కళ్ళు తుడుచుకుంటూ వాళ్ళందరినీ జాలిగా చూసింది.

"ఏటర్రా, మీకు ఇనబడనేదేటి?"