రాణక్క వస్తేనే తలుపు

సూరత్‌లో విజయరాణి కాపురం ఆల్థాన్‌లోనే గాని, ప్రాణమంతా లింబాయత్ సందుల్లోనే. ఆమె తండ్రి లస్మయ్య అక్కడి మరమగ్గాల దుమ్ముకే దగ్గి దగ్గి పోయాడు. అలాంటి ఆయాసపు మనుషులను ఇంట్లో ఆడవాళ్ళు ఎలా చూసుకుంటున్నారు, ఏం నేర్పితే వాళ్ళ ఊపిరి తేలికవుతుంది అన్నదే ఆమె పరిశోధన. తాను పనిచేసే నర్సింగ్ కాలేజీలో కాళ్ళరిగేలా తిరిగి దానికోసం ఓ కేంద్రాన్నే పెట్టించింది.

తెలంగాణ నుంచి వచ్చిన ఆ ఇళ్ళవాళ్ళు కొత్తవాళ్ళ దగ్గర నోరు విప్పరు. రాణి మాత్రం గడపలో కూర్చుని, వాళ్ళు పోసిన చాయ్ తాగి, వాళ్ళ మాటలోనే అడిగేది. సూరత్‌లో పుట్టి పెరిగిన నీరజ అనే చిన్న నర్సు తనూ వస్తానని బతిమాలేది. తెలుగులో సగం గుజరాతీ కలిపే పిల్ల అక్కడేం నెగ్గుకొస్తుందని రాణి తీసుకెళ్ళలేదు. అన్నీ తానే అయిన మనిషికి అదే లోపమని ఎవరు చెప్పగలరు? చెప్పినా వినే రకం కాదు.

కేంద్రాన్ని కొనసాగించాలా వద్దా తేల్చడానికి, దానికి డబ్బిచ్చే సంస్థ తరఫున సుభాషిణి అనే తెలుగు రాని పెద్దావిడ వచ్చింది. పని చూసి మెచ్చుకుంది, ఒక ఇల్లు కూడా చూస్తానంది. రాణి ఆమెను భూదేవి ఇంటికి తీసుకెళ్ళింది. భూదేవి పెనిమిటి ఆగయ్య ఒకప్పుడు పడుకుంటే ఊపిరాడనివాడు, ఇప్పుడు రాణి నేర్పినట్టు పెదాలు ముడిచి మెల్లగా ఊపిరి వదులుతూ సందు చివరిదాకా నడుస్తున్నాడు.

సుభాషిణి హిందీలో ఒక్కటే అడిగింది, రేపు ఈమె బదులు వేరే నర్సు వస్తే మాట్లాడతారా అని. రాణక్కను పొగడడానికి ఇదే అదను అనుకుంది భూదేవి.

"రాణక్క తప్ప ఎవ్వలచ్చినా మేం తలుపు తియ్యం. ఈ గల్లీల ఎవ్వరు తియ్యరు. గట్లనే చెప్పక్కా ఆమెకు."

రాణి పొంగిపోయి ఆ మాటను హిందీలో పొల్లుపోకుండా చెప్పింది. సుభాషిణి ముఖం వాడిపోయాక గాని దాని బరువు తెలియలేదు. బయటికొచ్చాక ఆవిడ, ఒక్క మనిషి మీద నిలబడ్డదాన్ని కేంద్రమని ఎలా రాయను, ఆ మనిషి లేనినాడు ఏమవుతుంది అని అడిగింది.

కేంద్రం మూతపడింది. రాణిని ఆసుపత్రి వార్డుకు మార్చారు. సెలవు దొరకని ఆ డ్యూటీలో ఇక ఇళ్ళకు తిరగడం కుదరదు. నీరజైనా తన సెలవు రోజుల్లో వచ్చిపోతుందని ఆశపడి, పిల్లను వెంటబెట్టుకుని లింబాయత్‌లో భూదేవి ఇంటికి వెళ్ళింది, తలుపు ఆమెనే తట్టమంది. లోపలి నుంచి ఎవలని అడిగారు, నీరజ పేరు చెప్పింది. తలుపు తెరుచుకోలేదు. రాణి గొంతు వినబడ్డాకే గడియ తీశారు.

"అక్కా, ఆ పెద్దమ్మ ముంగట నీ గురించి మంచిగనే చెప్పిన కద?" అని సంబరంగా అడిగింది భూదేవి.

"మంచిగ చెప్పినవ్ చెల్లె," అంది రాణి నీరజను గడపలో తన పక్కనే కూర్చోబెట్టుకుని. "ఈ పిల్లకు గూడ జర చాయ్ పొయ్యి."