కొలత కాగితం

పరంజ్యోతి టైలరింగ్ షాపు పోలీసు స్టేషనుకు సరిగ్గా ఎదురుగా ఉంది. నాయుడుపేట నుంచి సముద్రం వైపు వచ్చే బస్సు ఆ రెండింటి మధ్యనే ఆగుతుంది. నలభై ఏళ్లుగా ఆ ఊళ్లో పోలీసు యూనిఫారాలు కుట్టింది ఆయనే. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పాత ఖాకీ షర్టు ఒకటి అడిగి తెచ్చుకుని, కుట్లన్నీ విప్పి, ముక్కలు నేలమీద పరిచి, ఏది దేనికి అతుకుతుందో చూసి నేర్చుకున్నాడు.

ఆయన మొదలుపెట్టిన రోజుల్లో స్టేషనులో ఉన్నది పదకొండు మంది. రెండు గదుల పెంకుటిల్లు, ఒక సైకిలు. తర్వాత వైర్‌లెస్ సెట్టు వచ్చింది, జీపు వచ్చింది, ఆడ కానిస్టేబుళ్లు వచ్చారు. మొదటి అమ్మాయి కొలతలకు వచ్చిన రోజు ఆయన టేపు తీసి భార్య ఎస్తేరమ్మ చేతికిచ్చాడు. తాను గోడవైపు తిరిగి, ఆమె చెప్పిన అంకెలు రాసుకున్నాడు. ఇప్పుడు ముప్ఫై నాలుగు మంది. సగం మంది నెల్లూరులో రెడీమేడ్ కొని, పొడవు తగ్గించడానికి మాత్రం ఈయన దగ్గరికి వస్తారు.

ఆ షాపుకొక పద్ధతి ఉంది. ఒక్కో పోలీసుకు పుస్తకంలో ఒక్కో కొలతల కాగితం. బదిలీ అయినా, రిటైరైనా, వెళ్లేవాడు ముందు షాపుకొచ్చి టీ తాగుతాడు. పరంజ్యోతి స్కేలు ఆనించి ఆ కాగితం చించి చేతికిస్తాడు. కొత్త ఊళ్లో టైలరుకు చూపిస్తే సరిపోతుంది. అలా మూడు లావు పుస్తకాల్లో, ఇప్పుడు పనిచేస్తున్నవాళ్లవి కాక, మిగిలింది ఒకే ఒక్క కాగితం. పి.సి. 412 చెంచురామయ్యది.

ఈ ఏడాది స్టేషనుకు కొత్త భవనం కట్టారు. పాతదాంట్లో రికార్డులు ఎప్పుడో వాననీటికి ముద్దయిపోయాయి. కొత్త ఎస్సై వినీల, ఎస్సైల పేర్లే కాకుండా ఆ స్టేషనులో పనిచేసిన కానిస్టేబుళ్లందరి పేర్లూ రాతిపలక మీద చెక్కించాలనుకుంది. రిటైరైన హెడ్ కానిస్టేబుల్ మాల్యాద్రిని పిలిపించి జాబితా రాయించింది. డ్యూటీలో చనిపోయినవాళ్ల పేర్లు పైన, విడిగా రావాలి. ఆ చోటు ఖాళీగానే ఉంది.

ఆ సంగతి విని చెంచురామయ్య భార్య మస్తానమ్మ స్టేషనుకొచ్చింది. ఇరవై ఆరేళ్ల కిందట తుపానులో కాలవ గట్టు తెగితే, పాకల్లోవాళ్లను మెరకకు చేరుస్తూ ఆమె భర్త కొట్టుకుపోయాడు. పింఛను వచ్చింది. పేరు మాత్రం ఏ స్టేషను గోడమీదా లేదు.

"ఏం మాల్యాద్రన్నా, మా ఆయన ఈ స్టేషనోడు కాదన్నావంట?"

"నేనేం చేసేదమ్మా? సోమవారం ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చింది. ఆ రోజే రిలీవ్ అయినట్టు డైరీలో నా చేత్తోనే రాసినా. నీళ్లొచ్చింది బుధవారం."

"బదిలీ అయిన ఆ స్టేషనోళ్లేమో మా కాడ చేరనే లేదంటారు. మరి మా ఆయన యాడోడు? ఆకాశం నుంచి ఊడిపడి నీళ్లల్లో దూకినాడా?"

వినీల నెమ్మదిగా చెప్పింది. "శుక్రవారం రాయి చెక్కడానికి ఇస్తున్నామమ్మా. ఏదైనా ఆధారం చూపించండి, నేనే రాయిస్తాను."

మస్తానమ్మ రోడ్డు దాటి షాపులోకొచ్చి బల్లమీద కూలబడింది. జరిగింది విని పరంజ్యోతి మిషను ఆపాడు.

"కాగితం తీసుకోకుండా ఎట్లా రిలీవ్ అయినాడంటా?" అన్నాడు.

నలభై ఏళ్లలో ఏ పుస్తకమూ షాపు గడప దాటలేదు. ఒకరి కొలతలు ఇంకొకరు చూడకూడదని ఆయన పట్టుదల. అందుకే ముందు చెంచురామయ్య పుస్తకంలో మిగతా కాగితాలన్నీ రబ్బరు బ్యాండ్లతో బిగించి, ఆ ఒక్క పేజీ తెరుచుకునేలా చేసి, అప్పుడు మస్తానమ్మతో కలిసి రోడ్డు దాటాడు.

"నా నడుం గూడా ఉందా జ్యోతీ దాంట్లో?" అన్నాడు మాల్యాద్రి, బెరుకును నవ్వులో దాచుకుంటూ.

"నీది నువ్వే తీసకపోయినావు లేబ్బా. ఆఖరికి నలభై నాలుగు."

గుమ్మంలో సెంట్రీ నవ్వు ఆపుకున్నాడు. పరంజ్యోతి పుస్తకం ఎస్సై ముందు పెట్టి, పేజీ అడుగున వేలు ఆనించాడు. బట్టలు తీసుకున్నవాళ్లు అక్కడ తేదీ వేసి సంతకం పెట్టాలి. ఆఖరి తేదీ, సంతకం పక్కన నీలం సిరాతో ఇలా ఉంది: "బుధవారం. ఒక షర్టు ముట్టింది. రెండోది, కాగితం, వాన తగ్గి రిలీవ్ అయినాక."

వినీల తేదీ చూసింది. మళ్లీ చదివింది. పుస్తకం మాల్యాద్రి వైపు తిప్పింది. "ఇది ఆయన రాతేనా?"

మాల్యాద్రి కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశాడు. "ఆయనదే మేడమ్. నా పక్క బల్లే." ఆ తేదీ మీద వేలు పెట్టి అన్నాడు: "ఆర్డరు వచ్చినరోజే నేను రెండూ రాసేసేవాణ్ణి. ఆర్డరు వచ్చిందీ, మనిషి పోయిందీ. ఎట్లాగూ పోయేవాడే గదా, ఇంకోసారి డైరీ తియ్యడమెందుకని. ఆ వారం మనుషులు చాలక అప్పటి ఎస్సై గారు ఆయన్ని ఆపేసినారు. కొట్టేసి మళ్లా రాయాల్సింది. రాయలా."

మాల్యాద్రే జాబితా ముందుకు లాక్కుని, పైన ఖాళీ చోటులో చెంచురామయ్య పేరు, నంబరు గుండ్రంగా రాసి, మస్తానమ్మకు కనబడేలా ఎత్తి చూపించాడు.

"ప్రారంభం రోజు మీరు రెండు మాటలు మాట్లాడాలి, పరంజ్యోతి గారూ," అంది వినీల.

"మాటలు నా వల్ల కాదు మేడమ్. మీ షర్టు ఎడమ భుజం అరంగుళం కిందికి దిగింది. పంపండి, సరిచేస్తా."

ప్రారంభం రోజు మస్తానమ్మ రాతిపలక మీద పేరు చూసుకుని, సభ ముగియకముందే షాపుకొచ్చింది.

"అన్నా, ఆ కాగితం..."

"ముందు టీ తాగమ్మా," అన్నాడు పరంజ్యోతి. ఎస్తేరమ్మ గ్లాసు తెచ్చిచ్చింది. ఆమె తాగేదాకా ఆగి, స్కేలు ఆనించి, అంచు చెదరకుండా చించాడు.

"రెండో షర్టు ముట్టినట్టు సంతకం లేదు గదన్నా."

"నేనే తెచ్చిచ్చినా గదమ్మా, మూడోరోజు, ఆయన దొరికినాక."

"అవును. దాంతోనే సాగనంపినాం." ఆమె కాగితం వెలుతురుకు పెట్టింది. "ఈ అంకెలు ఏందేంది?"

ఆయన ఒక్కొక్కటే వేలు పెట్టి చెప్పాడు. "ఛాతీ ముప్ఫై ఆరు. భుజం పదిహేడు. చెయ్యి ఇరవై ఆరు."

"చేతులు పొడుగు ఆయనకి," అంది మస్తానమ్మ.