తండా పేరు పెట్టాలనుకున్న జీవి

కడుపు ఆపరేషన్ అయ్యాక మా అమ్మను, మా తండా మాటలో యాడిని, కొన్నాళ్లు రోజూ చూపించాలన్నాడు డాక్టర్. జుక్కల్ దగ్గరి మా తండా నుంచి రోజూ రావడం అయ్యే పని కాదు. బాన్సువాడలో దవాఖాన వెనక ఒక గది కిరాయికి తీసుకున్నాం. నా పరిశోధనా ఆ గదికే వచ్చింది. కాలేజీలో అడిగి తెచ్చిన మైక్రోస్కోపు, కొన్ని గాజు పలకలు, ఆల్కహాల్ సీసాలో బొటనవేలంత ముక్క.

ఆ ముక్క వెలుతురు చేరని సముద్రపు లోతు నుంచి వలలో వచ్చింది. పుస్తకాల్లో ఈ రకాన్ని అసిడియన్లు అంటారు. తాకితే నీళ్లు చిమ్ముతాయి. చూడ్డానికి ఒక్కటే, కానీ ఒకే తోలు కింద ఎన్నో చిన్న జీవులు. దేని నోరు దానిదే, నీళ్లు బయటికి పోయే దారి మాత్రం ఉమ్మడి. ఒకటే మురుగు మోరీ ఉన్న వాడలాంటిది.

అచ్చం ఇలాంటి జాతికే ఎవరో ఎప్పుడో పేరు పెట్టేశారు. అది రాతి మీద దిండులా పరుచుకుని ఉంటుంది, నాదానికి కాడ ఉంది. రంగుతో లాభం లేదు, ఆల్కహాల్‌లో పడ్డాక అన్నీ తెల్లబడతాయి. ఇది కొత్త జాతి అని తేలితే పేరు పెట్టేది నేనే. మా తండా పేరు పెడదామనుకున్నాను. తండాకు రోడ్డు మీద బోర్డు లేదు, కండక్టర్ పక్క ఊరి పేరుతోనే టికెట్ కొడతాడు. ఈ సంగతి యాడికి చెప్పాను. ఆమె నోరు ఆగుతుందా!

ముందు ఇంటి ఓనరు అవ్వ వచ్చింది. "బిడ్డా, సముద్రంల పురుగుకు మీ తండా పేరు పెడుతున్నవటగా? అది కరుస్తదా?"

"కరవది అవ్వా."

"అయితే మంచిదే. ఇగ పెట్టెయ్."

నా పరిశోధన చూసే సార్ కూడా అదే అన్నాడు ఫోన్‌లో. "కాడ ఉంది కదమ్మా, చాలు. ఉన్నదే అంత ముక్క. కోస్తే చూపించడానికి ఏమీ మిగలదు."

కాడను నమ్మడానికి లేదు. నీటి ప్రవాహం గట్టిగా ఉన్నచోట అదే జాతి ఒళ్లు సాగి కాడ కట్టొచ్చు. తేల్చాల్సింది పిల్ల. తల్లి ఒంట్లోనే పెరిగే ఆ పిల్లకు తోకకప్పలా తోక, మూతి దగ్గర అంటుకునే బొడిపెలు. ఆ బొడిపెల అమరికే రెండు జాతులను విడదీస్తుంది. లోపల పిల్ల ఉందో లేదో కోస్తే గాని తెలియదు. లేకపోతే ముక్కా పోతుంది, జవాబూ రాదు. కోయకుండా రోజులు గడిపాను.

యాడిని చూడటానికి తండా వాళ్లు వచ్చారు. వచ్చినవాళ్లంతా సీసా చూపించమన్నారు. ఒక కాకా దాన్ని రెండు చేతులతో పట్టుకుని కిటికీ వెలుతురులో చూశాడు. "ఇదేనా మన తండా?" అని మా భాషలో అడిగాడు. పక్కవాళ్లు అడిగినా ఇవ్వలేదు, పడేస్తారని. ఏదీ తేలకుండానే ఆయన చేతిలో పెట్టానని సిగ్గేసింది.

వాళ్లు బస్సెక్కగానే బ్లేడు తీశాను.

పిల్ల ఉంది. మైక్రోస్కోపు కింద తోక, మూతి, బొడిపెలు స్పష్టంగా కనిపించాయి. పాత జాతి బొమ్మ పక్కన పెట్టుకుని చూశాను. ఇంకో పిల్లను తీసి చూశాను. తేడా లేదు. రెండూ ఒకటే జాతి, పేరున్నదే. చాలా కోపం వచ్చింది, ఎవరి మీదని అడిగితే చెప్పలేను.

సార్‌కు ఫోన్ చేశాను. సంగతి విని ఆయన అన్నాడు, "కోయకుండా ఉంటే ఎవరూ అడిగేవాళ్లు కాదమ్మా. అంత లోతుకు మళ్లీ ఎవరు పోతారు?"

"నా పేరు పెట్టుకునేదుంటే కోయకపోదునేమో సార్," అన్నాను. "తండా పేరాయె."

యాడి మంచం మీద నుంచి అంతా వింటూనే ఉంది. ఫోన్ పెట్టేశాక, "తండాల నేనే చెప్తా," అంది. అప్పుడు ఏడ్చాను.